ఒక పిసరు తేడా

చుక్కలు వేసిన నర్సమ్మ కళ్ళు మూసుకుని కూర్చోమంది. మూసుకున్నాను. మూసుకుంటే మాత్రం ఏం లాభం, ఎడమ కంట్లో ఉన్నది రెప్పకి వెనకాల ఉంది, రెప్ప దాన్నేం చేస్తుంది. తల ఇటు తిప్పితే ఇటు వస్తుంది, అటు తిప్పితే కాస్త ఆలస్యంగా అటు వస్తుంది, పిలిచినందుకు విసుక్కుంటూ లేచొచ్చే మనిషిలా. మొదట అది ఒక నల్లటి దారం. ఆ తర్వాత పొగ. ఇప్పుడు పొగ కూడా కాదు, రేకు తుప్పు పట్టకుండా ముందుగా వేసే ప్రైమరుని బాగా పలచన చేసి ఎవరో లోపల ఒక పూత వేసినట్టుంది. రక్తం ఎర్రగా ఉంటుందని అందరూ అంటారు గానీ వాళ్ళంతా బయటి నుంచి చూసినవాళ్ళు. లోపలి నుంచి చూస్తే అది ఇటుక రంగు, అంచుల్లో గోధుమ, తల వంచితే నలుపు. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు నాలుగు డబ్బాలిస్తే ఈ రంగు నేను కలిపి చూపించగలను. కలిపాక పోల్చి చూసుకోవడానికి అసలు రంగు నాకు తప్ప ఇంకెవరికీ కనబడదు, అదొక్కటే ఇబ్బంది.

కుడి పక్కన మా ఆవిడ కూర్చుంది. కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది, ఆమె ఒళ్ళో సంచి ఉంది, సంచిలో బిళ్ళల అట్టలు కదిలినప్పుడల్లా చప్పుడు చేస్తున్నాయి. వేసుకునే మందులన్నీ తెమ్మన్నారని అల్మారా అర మొత్తం ఒక్క ఊపున సంచిలోకి దులిపేసింది, నా పని చొక్కా జేబులో ఉన్నది కూడా వదల్లేదు. ఇందాక చిన్న డాక్టరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పిన మాటలు ఇంకా నా చెవుల్లో తిరుగుతున్నాయి. గుండెలో లోహపు వాల్వు ఉంది కాబట్టి దాని మీద రక్తం గడ్డకట్టకుండా పలచబరిచే బిళ్ళలు వేసుకుంటున్నారు, బాగానే ఉంది, కానీ ఇవాళ పరీక్షలో మీ రక్తం ఉండాల్సిన దానికంటే చాలా పలచగా తేలింది, అందుకే కంట్లో ఎక్కడో సన్న నరం చిట్లి లోపలికి కారింది అన్నాడు. "మీరు వేసుకునేదేమో మామూలు మోతాదే. దానికే ఇలా అయిందంటే ఆ మోతాదు మీ ఒంటికి ఎక్కువవుతోందన్నమాట. పెద్ద డాక్టరుగారు కన్ను చూసి, మీ గుండె డాక్టరుగారితో మాట్లాడతారు. తగ్గించాలో, కొన్నాళ్ళు పూర్తిగా ఆపాలో అప్పుడు చెప్తారు." ఆపితే ఏమవుతుందని మా ఆవిడ అడిగింది. అతను కాగితాలు సర్దుకున్నాడు. ఏమవుతుందో నాకు తెలుసు. ఆపరేషను చేసినాయన మంచం పక్కన నిలబడి అప్పుడే చెప్పాడు, ఇది బతికినన్నాళ్ళూ వేసుకోవాల్సిన మందు, మానేస్తే వాల్వు మీద గడ్డ కడుతుంది, గడ్డ కదిలి మెదడుకి చేరితే మాటా నడకా పోతాయి, వాల్వులోనే ఇరుక్కుంటే మనిషే పోతాడు అని. ఆపితే అది. ఆపకపోతే కంట్లో మళ్ళీ కారుతుంది, ఈసారి కుడి కన్ను కూడా కావచ్చు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఇన్నాళ్ళూ మాట వరసకి అనేవాణ్ణి.

మా ఆవిడ తేల్చేసింది. "గుండె ఉంటే అన్నీ ఉంటాయి. మందు మానడానికి వీల్లేదు. కన్ను కనబడకపోతే నేను లేనా, నేను చూసి చెప్తాను" అంది. నేనూ తేల్చేసుకున్నాను, అయితే అటువైపు. మందు ఆపండి, కన్ను కాపాడండి అందామని. ఆ మాట పైకి అనకుండా వేరే మాట అన్నాను. "నువ్వు చూసి చెప్తావా? బూడిద రంగు బండికీ నీలం బండికీ తేడా తెలీదు నీకు." ఆమె మొహం అటు తిప్పుకుంది. సంచి మాత్రం అప్పుడప్పుడూ చప్పుడు చేస్తోంది. అన్నందుకు బాధగానే ఉంది, కానీ తప్పన్నానా? లాండ్రీ కౌంటరు మీద కూర్చునే మనిషికి రంగుతో పనేముంది. తెల్ల చొక్కాలు కుప్పగా వచ్చి పడతాయి, కాలరు తిరగేసి గుడ్డముక్క మీద నంబరు చూస్తుంది, ఎవరిది వాళ్ళకి ఇచ్చేస్తుంది, ఇంతవరకూ ఒకరి చొక్కా ఇంకొకరికి పోలేదు. నాకు రంగు అక్కర్లేదండీ, నంబరు చాలు అంటుంది. నా పని సరిగ్గా దానికి తలకిందులు.

షెడ్డులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, కన్ను అంటారు. కన్నుగారు చూశారా, కన్నుగారు ఊఁ అన్నారా అని అడిగాకే బండి గేటు దాటుతుంది. గుద్దుకున్న బళ్ళు మా దగ్గరికి వస్తాయి, సొట్టలు తీసేవాళ్ళు తీస్తారు, పుట్టీ పెట్టేవాళ్ళు పెట్టి రుద్దుతారు, నేను రంగు కలుపుతాను, స్ప్రే గన్ను పట్టుకునే అతను కొడతాడు. అతన్ని గన్ను అంటారు. కన్నూ గన్నూ ఉంటే చాలు, ఓనరు కూడా అక్కర్లేదని మాలో మాకొక వేళాకోళం, ఓనరు కూడా దానికి నవ్వుతాడు. ఈమధ్య ఆ నవ్వు తగ్గింది. రంగుని ఫోటో తీసి, ఏ డబ్బాలోంచి ఎంత వెయ్యాలో తనే చెప్పే మిషనొకటి వచ్చింది, అమ్మే మనిషి తెచ్చి చూపించాడు. అది చెప్పినట్టే కలిపి, రేకు ముక్క మీద కొట్టి, ఆరాక నేను గుమ్మంలోకి తీసుకెళ్ళాను. షెడ్డులో దీపాలు అబద్ధాలాడతాయి, రంగుని పగటి వెలుతురులోనే చూడాలి. ముక్కని బండి తలుపుకి ఆనించి పట్టుకుని, కొంచెం పక్కకి వంచాను. అందరూ నా చుట్టూ చేరి మామూలుగా అడిగే మాటే అడిగారు, కలిసిందా అని. కలవలేదు అన్నాను. అమ్మే మనిషి కలిసిందన్నాడు. ఓనరు అతని మొహం చూశాడు, నా మొహం చూశాడు, మిషను ఇప్పుడే వద్దన్నాడు. ఇప్పుడే అనే మాట ఒకటి అందులో ఉంది, ఆ రోజు నేను పట్టించుకోలేదు.

ప్రతి బండికీ తలుపు సందులో చిన్న రేకు మీద రంగు నంబరు ఉంటుంది. కొత్తవాళ్ళు పరిగెత్తుకెళ్ళి ఆ నంబరు చూసొస్తారు, దాన్ని బట్టి కలిపేస్తారు, కొట్టాక తలుపు ఒక్కటీ వేరే బండి నుంచి ఊడదీసి తగిలించినట్టుంటుంది. నంబరు చెప్పేది బండి పుట్టినప్పటి రంగు. అది ఎండలో నిలబడింది, వానలో తడిసింది, ఎవరో సబ్బు పౌడరు నీళ్ళతో రుద్దారు, దాని ఒంటి మీద ఇప్పుడున్నది బతికిన రంగు. పైగా కంపెనీవాళ్ళు పంపే డబ్బాలు కూడా ఒకే నంబరున్నా ఒకేలా ఉండవు, బ్యాచ్ మారితే ఒక పిసరు తేడా వస్తుంది. నంబరుని నమ్మినవాడు రంగు కలపలేడని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్తాను. నాకు మా మేస్త్రి చెప్పాడు. ఆయన ఎప్పుడూ ఒక కన్ను చికిలించి మాట్లాడేవాడు, నోట్లో అగ్గిపుల్ల ఉండేది, రెండు రేకులు నా ముందు పట్టుకుని, "మొదటి చూపే చూపురా. చూసి వెంటనే చెప్పు. చూస్తూ నిలబడ్డావా, కన్ను రాజీ పడిపోతుంది, రెండూ ఒకటేలే అంటుంది" అనేవాడు. నిజమే, తప్పు రంగుని తదేకంగా చూస్తే కాసేపటికి అదే ఒప్పులా కనబడుతుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆఖరి రోజుల్లో ఆయన రెండు కళ్ళకీ పొర కమ్మింది, చూడ్డానికి వెళ్తే నా చొక్కా తడిమి ఏం రంగురా అని అడిగాడు, నీలం మేస్త్రీ అన్నాను, ఏ నీలం అన్నాడు. ఆ ప్రశ్నకి నాకు ఏడుపొచ్చింది.

ఏ నీలం. మొన్న నేను షెడ్డు గుమ్మంలో నిలబడింది బూడిద రంగు తలుపు ముందు. వెండి పొడి కలిసిన బూడిద, అన్నిటికంటే మొండి రంగు, ఎదురుగా చూస్తే తెలుపు, పక్కగా చూస్తే నలుపు. రేకు ముక్క ఆనించి వంచేసరికి దాని మీద వెంట్రుక కనబడింది. తుడిచాను. ఇంకా ఉంది. గుడ్డ మార్చి తుడిచాను. ఈసారి అది పక్కకి జరిగింది. దుమ్ము కొట్టే గాలిగొట్టం తెచ్చి కొట్టాను, వెంట్రుక రేకు మీంచి లేచి తలుపు మీదికి వెళ్ళింది, తలుపు మీంచి ఆకాశంలోకి. గన్ను చూసి నవ్వుతున్నాడు. "ఏంటి కన్నుగారూ, లేని దుమ్ము దులుపుతున్నారు?" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే ఆ వెంట్రుక విచ్చుకుని పొగ అయింది, తలుపు ఆ మూల నుంచి మాసిపోవడం మొదలుపెట్టింది. నొప్పి లేదు. అదే నాకు అన్నిటికంటే భయమేసిన సంగతి, ఇంత జరుగుతుంటే ఒక్క చురుకు కూడా లేదు. కలిసిందా అని వెనక నుంచి ఎవరో అడిగారు. జీవితంలో మొదటిసారి తెలీదని చెప్పడానికి నోరు రాక, కలిసింది, కొట్టెయ్ అన్నాను. ఆ బండి వెళ్ళిపోయింది. దాని తలుపు కలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. అది ఏ రోడ్డు మీద తిరుగుతోందో, ఎవరు చూసి మొహం చిట్లిస్తున్నారో.

టిక్కు టిక్కుమంటోంది. హాలు నిశ్శబ్దంగా ఉంటే నాకే వినిపిస్తుంది, లోపల ఆ లోహపు రెక్క మూసుకున్నప్పుడల్లా గోడగడియారం చప్పుడు. ఆపరేషనయ్యాక ఇంటికొచ్చిన కొత్తలో ఆ చప్పుడికి నాకు నిద్ర పట్టేది కాదు, ఆమెకీ పట్టదేమోనని అటు తిరిగి పడుకునేవాణ్ణి. ఇటు తిరగండి, వినబడట్లేదు అంది ఒకరోజు. అది వింటూ ఉంటే మీరున్నట్టు తెలుస్తుంది, హాయిగా పడుకుంటాను అంది. నవ్వొచ్చి, అయితే మనిషిని కాదు గడియారాన్ని కట్టుకున్నావన్నమాట అన్నాను. గడియారమైతే కీ ఇచ్చినప్పుడు మాట వింటుంది అంది. ఆమె మాటలు ఇలాగే ఉంటాయి, మెత్తగా వచ్చి సూటిగా తగులుతాయి. ఆ చప్పుడు ఆగకుండా ఉండాలనే రోజూ సాయంత్రం టీ తాగగానే నీలం బిళ్ళలు రెండు వేసుకుంటాను. నా మందులు నేనే చూసుకుంటాను, ఎవరూ కలగజేసుకోకూడదని మొదటి రోజే చెప్పాను. నెలకోసారి రక్తం పరీక్ష, ఇప్పటిదాకా ప్రతిసారీ సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది, రంగులాగే మందుని కూడా కన్నుగారు భలే కుదిర్చారని ఆ పరీక్ష చేసే అతను కూడా అన్నాడు. అలా అన్నప్పుడు మా ఆవిడ వైపు ఒక చూపు చూశాను. "చాల్లెండి, కళ్ళు నెత్తికెక్కుతున్నాయి" అంది.

అంత చక్కగా కుదిరిన మందు ఈ నెలలోనే ఎందుకు ఒంటికి ఎక్కువైంది? ఒళ్ళు మారిందా? వయసా? ఈమధ్య పళ్ళు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చేది, కొత్త బ్రష్షు గట్టిదని, చూసి కొనాలని తెలీదా అని ఆమె మీద కేకలేశాను, ఆమె మెత్తది ఇంకోటి తెచ్చింది, నురగ మాత్రం అలాగే ఉంది. మోచేతి కింద ఎక్కడో తగిలి కమిలింది, ఎక్కడ తగిలిందో గుర్తు కూడా లేదు, అది ఊదా నుంచి ఆకుపచ్చకీ ఆకుపచ్చ నుంచి పసుపుకీ మారుతుంటే గన్నుకి చూపించి ఈ అంచు చూడు, ఇంత నెమ్మదిగా ఒక రంగులోంచి ఇంకో రంగులోకి దింపగలవా అని అడిగాను. ఒళ్ళు కేక పెడుతుంటే నేను రంగు చూసి మురిసిపోయాను. తర్వాత నడుం నొప్పి. నడుం నొప్పని మూలుగుతుంటే ఆమె తన డబ్బాలోంచి నొప్పి బిళ్ళ ఒకటి ఇచ్చింది. ఇందాక చిన్న డాక్టరు ఈమధ్య నొప్పుల మాత్రలేమైనా వాడారా, రక్తం పలచబడే మందుతో అవి కలవకూడదు అన్నప్పుడు ఆమె చెయ్యి సంచి మీద బిగుసుకోవడం చూశాను. "నేనే ఇచ్చానండీ, ఒకటే ఇచ్చాను" అంది. ఒక్కదానికి ఇంతవరకూ రాదులెండి, అయినా ఇవ్వకూడదు అన్నాడతను. ఆ అయినా దగ్గరే ఆమె ఆగిపోయింది. అప్పటినుంచీ ఆమె మనసులో కన్ను పోవడం అంటే తన చేతి బిళ్ళ. నేను అది తెలిసి కూడా ఊరుకున్నాను. కాదులే అని ఒక్క మాట అనుంటే సరిపోయేది, కానీ ఎవరి మీదో ఒకరి మీద తప్పు ఉంటే ఊపిరి తీసుకోవడం తేలికవుతుంది, అందుకని అనలేదు.

నర్సమ్మ వచ్చి రెప్పలు విడదీసి మళ్ళీ చుక్కలు వేసింది. మందు చల్లగా, తర్వాత మంటగా దిగింది. ఇంకాసేపట్లో దగ్గరివి కనబడవు, వెలుతురు గుచ్చుతుంది, కంగారు పడకండి అని చెప్పి వెళ్ళింది. ఈసారి కళ్ళు మూసుకోబుద్ధి కాలేదు. కుడి కంటితో ఎదురు గోడ చూశాను. వచ్చినప్పుడే చూశాను ఆ గోడని, చూసి మనసులో తిట్టుకున్నాను, మీగడ రంగు వేశారు, కిటికీ దాకా ఒక మీగడ, కిటికీ అవతల ఇంకో మీగడ. డబ్బా మారింది. బుద్ధున్న పెయింటరు గోడ మధ్యలో కొత్త డబ్బా విప్పడు, ముందే రెండు డబ్బాలూ ఒక బకెట్లో పోసి కలుపుకుంటాడు, ఎందుకంటే బ్యాచ్ మారితే ఒక పిసరు తేడా వస్తుంది. ఇక్కడ ఇంతమంది కూర్చుంటున్నారు, కంటి ఆసుపత్రి పైగా, ఒక్కరూ గమనించి ఉండరు. నా కన్ను ఊరుకోదు, ఎక్కడికెళ్ళినా అంతే. ఈ నెల మొదట్లో మందుల షాపు ముందు ఎర్ర బండి ఆగి ఉంది, షాపు వెలుతుర్లో కూడా తెలిసిపోయింది దాని వెనక తలుపు తిరిగి వేసిందని, నారింజ ఎక్కువైంది, ఎవడురా ఇది కలిపింది అని మెడ తిప్పి అదే చూస్తూ నిలబడ్డాను. షాపతను బిళ్ళలు కవర్లో వేస్తూ ఏదో చెప్పాడు. పాతవి లేవు, ఇవి ఇస్తున్నాను, ఇవైతే మీరు. ఇవైతే మీరు తర్వాత ఏదో. ఊఁ ఊఁ అన్నాను, నా ధ్యాసంతా ఆ నారింజ మీద ఉంది.

ఇవైతే మీరు.

ఆ సాయంత్రం ఇంట్లో టీ తాగి కొత్త అట్టలోంచి బిళ్ళలు అరచేతిలోకి నొక్కుకున్నాను. నీలం. అయితే అదే నీలం కాదు, పచ్చ ఒక చుక్క ఎక్కువ. నాకు తెలిసింది, తెలియకుండా ఎలా ఉంటుంది. టీ కప్పులు తీస్తూ ఆమె కూడా నా అరచేతిలోకి చూసింది. "ఏమండీ, ఇవి ఎప్పుడూ వేసుకునేవేనా? వేరేలా ఉన్నాయి" అంది. అప్పుడు నేను ఏమన్నాను? నవ్వాను. నా ఎదురుగా నిలబడి రంగు తేడా చెప్తున్నది నంబరు చూసి చొక్కాలిచ్చే మనిషి కదా, నవ్వాను. "బ్యాచ్ మారితే ఒక పిసరు తేడా వస్తుంది. అది కూడా తెలీదా?" అన్నాను. ఇంకా ఏదో ఉపన్యాసం ఇచ్చాను, డబ్బాల గురించి, కంపెనీల గురించి, ఆమె కప్పులు పట్టుకుని నిలబడి విన్నది. తర్వాత ఆ రెండు బిళ్ళలూ ఇంకోసారి చూసుకున్నాను, ఈసారి తేడా అంతగా అనిపించలేదు. ఇంకోసారి చూశాను. రెండూ ఒకటేలే అంది కన్ను. రాజీ పడిపోయింది. నీళ్ళు తాగేశాను. మర్నాడు, ఆ మర్నాడు, అప్పటినుంచీ రోజూ. రంగు తెలీనివాడైతే భయపడేవాడు, వెనక్కి తిప్పి నంబరు చూసేవాడు, షాపుకి వెళ్ళి అడిగేవాడు. నాకు తెలుసు కాబట్టి అడగలేదు. తేడా ఎందుకొస్తుందో సమాధానం ముందే జేబులో పెట్టుకుని తిరుగుతున్నవాణ్ణి, ప్రశ్న నాదాకా ఎలా వస్తుంది.

లోపల టిక్కు టిక్కు వేగం పెరిగింది. ఊహే కావచ్చు, అవును, ఊహే కావచ్చు. "ఆ సంచి తియ్యి" అన్నాను. ఇంతసేపటికి మాట్లాడినందుకో ఏమో ఆమె ఉలిక్కిపడింది. "నా నీలం బిళ్ళల అట్టలు రెండుంటాయి. చొక్కా జేబులోది పాతది, అల్మారాలోది కొత్తది. రెండూ ఇలా ఇవ్వు." వేసుకునే వేళ కాలేదు కదండీ అంది. కాలేదు, తియ్యి అన్నాను. చేతిలో పెట్టింది. పాతదాంట్లో ఒక్క బిళ్ళే మిగిలింది, షెడ్డులో పొద్దుపోతే వేసుకోవడానికని జేబులో ఉంచుకున్నది. రెండు అట్టలూ కిటికీ వైపు పట్టుకుని చూశాను. వెండి రేకు తళుక్కుమని కుడి కన్ను గుచ్చుకుంది, ఎడమ దాంట్లో అంతా ఇటుక రంగు. మిటకరించాను. రెండు చోట్లా ఏదో అలుక్కుపోయినట్టు నీలం. నంబరు కాదు కదా, బిళ్ళ అంచు కూడా తెలియడం లేదు. కలిసిందా? ఏమో. మేస్త్రీ, ఏ నీలమో నాకు తెలీదు.

లేచి కిటికీ దగ్గరికి నడిచాను, కుర్చీ అంచు తగిలి తూలితే ఆమె వచ్చి మోచెయ్యి పట్టుకుంది, కమిలిన మోచెయ్యి. కిటికీకి పక్కవాటుగా నిలబడి, పగటి వెలుగు సూటిగా పడేలా రెండు అట్టలూ పక్కపక్కన ఆనించి ఆమె మొహం ముందు పట్టుకున్నాను, మేస్త్రి నా ముందు పట్టుకున్నట్టు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఒక్కసారే చూడు. ఎక్కువసేపు చూడకు. కలిసిందా?"

"కలవలేదు" అంది. అనడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. "ఇది కాస్త పచ్చగా ఉంది. ఆ రోజే అడిగాను కదండీ, మీరు బ్యాచ్ అన్నారు." అంటూనే నా చేతిలోంచి రెండూ తీసుకుని, కాలరు తిరగేసినట్టు వెనక్కి తిప్పింది. వెలుతురు కేసి వంచి చూసింది. "పాతదాని మీద రెండు ఎంజీ అని ఉంది. దీని మీద నాలుగు" అంది. ఆ తర్వాత, తెలిసి కూడా అడిగే గొంతుతో, "మీరు ఈ కొత్తవి ఎన్ని వేసుకుంటున్నారు?"

"రెండు."

ఇవైతే మీరు ఒక్కటే వేసుకోండి, షాపతను అన్నది అదే అయ్యుంటుంది. ఆమె ఏదో ఒకటి అంటుందనుకున్నాను. కళ్ళు నెత్తికెక్కితే ఇంతేనని, పెరటి చెట్టు మందుకి పనికిరాదు మీకని, అనాల్సినవి చాలా ఉన్నాయి, ఏ ఒక్కటి అన్నా తల వంచుకునేవాణ్ణి, తల వంచితే కంట్లో నలుపు కమ్ముతుంది, అయినా వంచుకునేవాణ్ణి. ఆమె ఒక్కటే అడిగింది. "అయితే నేనిచ్చిన నొప్పి బిళ్ళ వల్ల కాదా?"

"కాదు" అన్నాను. "బ్రష్షు వల్ల కూడా కాదు. నా వల్ల." నొప్పి బిళ్ళ కూడా ఒక చెయ్యి వేసిందేమో, అది డాక్టర్లు తేల్చుకోనీ, ఆ క్షణంలో నాకు దాన్ని తేల్చాలనిపించలేదు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది, మొహం కనబడదు గానీ ఆ కదలిక నాకు తెలుసు. సిగ్గేసింది. ఇంత వయసొచ్చాక, ఇన్ని బళ్ళు దాటించాక, ఇంట్లో మనిషి ముందు నన్ను గోడకేసి నిలబెట్టినట్టయింది. ఆ సిగ్గు అడుగునే ఇంకేదో కదిలింది, మొదట పోల్చుకోలేకపోయాను, అది సంతోషం. మందు నా ఒంటికి పడకపోవడం కాదు. పాళ్ళు తప్పాయి, అంతే. పాళ్ళు తప్పిన రంగుని పారబొయ్యక్కర్లేదు, సరిచెయ్యొచ్చు. ఈ సంగతి తెలీకుండా లోపలికి వెళ్ళుంటే, మామూలు మోతాదే ఎక్కువైందనుకుని ఆయన ఆపమనేవాడు, నేను ఆనందంగా ఒప్పుకునేవాణ్ణి, కన్ను కాపాడుకున్నానని మురుస్తూ ఇంటికెళ్ళేవాణ్ణి, ఏదో ఒక రాత్రి ఆమె ఇటు తిరిగి పడుకుని వింటూ ఉండగా టిక్కుమనడం ఆగేది. కిటికీ చువ్వ పట్టుకున్నాను. కొత్తగా కారకపోతే కంట్లో చేరినది మెల్లగా అడుగుకి దిగుతుంది, నెలలు పట్టొచ్చు, తలకింద ఎత్తు పెట్టుకుని పడుకోండి అని చిన్న డాక్టరు చెప్పాడు. దిగుతుందేమో. దిగకపోవచ్చు కూడా. ఓనరు ఆ మిషను మనిషికి ఫోను చెయ్యనూ వచ్చు. ఆ బూడిద రంగు తలుపు సంగతి మాత్రం వెనక్కి పిలిపించి చూడమని గన్నుకి చెప్పాలి, తెలీకుండా కలిసిందన్నానని చెప్పాలి.

మా నంబరు పిలిచారు. ఆమె నా మోచెయ్యి వదిలి, నొప్పి పుడుతుందని గుర్తొచ్చినట్టుంది, మణికట్టు పట్టుకుంది. అట్టలు రెండూ ఆమె గుప్పిట్లో ఉన్నాయి. నడవా అంతా తెల్లటి మంట, ఎక్కడ మలుపుందో ఎక్కడ మనిషున్నాడో తెలియదు, ఆమె ఆగితే ఆగాను, తిరిగితే తిరిగాను. గది చల్లగా ఉంది. ఎదురుగా పెద్ద డాక్టరు ఆకారం ఒకటి, కుర్చీ జరుపుకున్న చప్పుడు, కాగితాలు తిరగేసిన చప్పుడు. "చెప్పండి, మందు మామూలుగానే వేసుకుంటున్నారా? ఎప్పట్నుంచి ఇలా?" అన్నారు నా వైపు తిరిగి. కన్నుగారు జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. తెరిచి, మూసుకుని, పక్కకి జరిగి ఆమెని ముందుకి రానిచ్చాను.

"ఆమె చెప్తుందండీ" అన్నాను. "మొదట చూసింది ఆమె."